గుర్రం నీళ్ళతో తలస్నానం

ఆ రెండు క్యాన్ల నీళ్ళు నేనే పోసుకున్నాను. తలకు షాంపూ పెట్టుకుని, ఒళ్ళు రుద్దుకుని, చివరి చుక్క దాకా వాడుకున్నాను. ఈ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ తర్వాత రెండేళ్ళ పాటు, శుక్రవారం సెలవు దొరికినప్పుడల్లా మస్కట్ రూవీలో మనవాళ్ళ రూమ్‌కు పోయి, అదే సంగతిని వేరేగా చెప్పి అందరినీ నవ్వించాను. నేను చెప్పిన కథలో ఒక పెద్దాయన గుర్రానికి ఏ నీళ్ళు తెచ్చాడో తానే మర్చిపోయి, ఎడారిలో యజమాని ముందు తెల్లమొహం వేస్తాడు. ఆయన గొంతు, నడక, గడ్డం గోక్కునే తీరు అన్నీ చేసి చూపించేవాణ్ణి. బాగా చేసేవాణ్ణి కూడా. ఆ కథ విన్నవాళ్ళు చాలామంది ఇంకా మస్కట్‌లోనే ఉన్నారు, కొందరు ఊళ్ళకు పోయారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, అసలు జరిగింది ఇదీ.

నాది జగిత్యాల వైపు. ఒమన్‌కు వచ్చిన కొత్తలో అల్ అమెరాత్‌లో ఇళ్ళు కట్టే కంపెనీలో సిమెంటు బస్తాలు మోశాను. తర్వాత పెద్ద బండ్ల లైసెన్స్ తెచ్చుకుని, బర్కా దగ్గర ఒక ఖర్జూరం తోటలో డ్రైవర్‌గా కుదిరాను. తోట యజమానిని గల్ఫ్‌లో అందరూ పిలిచినట్టే మేమూ అర్బాబ్ అని పిలిచేవాళ్ళం. ఆయనకు గుర్రాలంటే ప్రాణం. ఆ గుర్రాల్ని చూసుకునే సాయీసు కడప ముస్లిం, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి. నన్నాయన ‘ఏమప్పా’ అని తప్ప ఇంకోలా పిలవలేదు.

ఒక చలికాలం అర్బాబ్ ట్రైలర్ కొన్నాడు. ఎవరో తెల్లదొర దేశం వదిలి పోతూ అమ్మేసిన బండి అది. వెనక సగం గుర్రాలకు, రెండు గుర్రాలు ఏటవాలుగా నిలబడే అరలు. ముందు సగం ఇల్లు. ఇల్లంటే నిజంగా ఇల్లే. దాన్ని లాగే పికప్ మీదికి ఒరిగి ఉండే భాగంలో ఒక మెత్తటి పరుపు, కింద సోఫా, రెండు మంటల స్టవ్, సింకు, ఏసీ, మూలన చిన్న బాత్‌రూమ్. అందులో షవర్. సబ్బు రుద్దుకుంటే రెండు మోచేతులూ రెండు గోడలకు కొట్టుకుంటాయి. అయినా షవర్ షవరే. తోటలో మా స్నానం పైపు కింద బకెట్ పెట్టుకుని.

అర్బాబ్ మాత్రం ఆ ఇంట్లో ఒక్కసారి కూడా పడుకోలేదు. ఇసుకలోకి వచ్చి రేకు డబ్బాలో పడుకుంటావా అని ఆయన బాబాయి కొడుకులు ఆట పట్టించేవాళ్ళు. ఆ రోషానికి ఆయన బయట గుడారం వేసుకుని చలికి వణికేవాడు. ఆయన కొన్న పరుపు మీద భాయ్, ఆయన కొన్న సోఫా మీద నేను. పొద్దున్నే దుప్పటి కప్పుకుని ముక్కు చీదుకుంటూ వచ్చి మా తలుపు కొట్టి, టీ అయిందా అని అడిగేవాడు.

సోఫా దగ్గర నాకొక చిక్కుండేది. నా తలవైపు గోడకు అవతల తెల్లగుర్రం. దానికి ఏం తోచకపోతే గోడను ఒక తన్ను తన్నేది, సరిగ్గా నా చెవి దగ్గర. పై పరుపు నాకు ఇవ్వమని భాయ్‌ని ఎన్నోసార్లు అడిగాను. ఆయన ఒకటే అనేవాడు: గుర్రం తన్నితే లేచి చూడాలంటే కింద పడుకున్నవాడే మేలు, నువ్వు డ్రైవర్‌వి, నీకు కాళ్ళు చురుకు.

ఆ ట్రైలర్‌లో రాజ్యం భాయ్‌ది. అందులో చట్టాలుండేవి. గుర్రాలు తాగాకే మనుషులు తాగాలి, టీ అయినా సరే. గుర్రాల గడ్డి సంచి మీద కూర్చోకూడదు. ట్యాంకులో నీళ్ళు నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు, వంటకు, గిన్నెలకు మాత్రమే, షవర్ జోలికి పోకూడదు. నేను గొణిగితే, “తోటకు పోయినాక పోసుకోప్పా. రెండు దినాలకే చావవులే” అనేవాడు.

అన్నిటికంటే పెద్ద చట్టం క్యాన్ల గురించి. బర్కా సముద్రానికి దగ్గర. మా తోట బావి నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. తెల్లగుర్రం ఆ నీళ్ళ మీదే పుట్టి పెరిగింది. వేరే నీళ్ళు పెడితే వాసన చూసి, పై పెదవి పైకి ముడిచి, మొహం తిప్పుకునేది. పెళ్ళిలో భోజనం బాగాలేదని చెప్పకుండానే చెప్పే మేనత్తలా ఉండేది దాని వాలకం. పక్కనుండే ఎర్రగుర్రానికి అలాంటి పట్టింపుల్లేవు. అది ఒకసారి నా టీ గ్లాసులో మూతి పెట్టింది. తెల్లదాని కోసమే ప్రతి ప్రయాణానికీ భాయ్ బావి దగ్గర కూర్చుని ఆరు క్యాన్లు తన చేత్తో నింపేవాడు. ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆయనకు వేరే సరదాల్లేవు. రూవీకి రాడు, క్రికెట్ చూడడు, ఫోన్ మాట్లాడితే రెండు నిమిషాలు. చలికాలంలో వచ్చే ఆ పది పన్నెండు వారాంతాలే ఆయన బతుకు. ట్రైలర్ ఆగగానే గుర్రాల్ని దింపి, మడత కుర్చీ వేసుకుని, తెల్లగుర్రం తల తన భుజం మీద ఆనేలా కూర్చునేవాడు. రాజులకు కూడా అలాంటి దర్జా ఉండదు. ఆ కుర్చీని ఆయన కిందనుంచి లాగేసింది నేనే.

ఆ శుక్రవారం బిద్‌బిద్ దగ్గర మలుపు తిరిగి, ఇబ్రా దాటి, బిదియాలో ఇసుక మొదలయ్యే చోట దిగాం. ఏటా అర్బాబ్ బంధువులు అక్కడ గుమికూడతారు. శనివారం తెల్లారగానే నలభై కిలోమీటర్ల స్వారీ. సగం దూరంలో ఒక మజిలీ. వాళ్ళలో ఒకాయన పశువుల డాక్టరు. మజిలీలో ఆయన ప్రతి గుర్రం గుండె విని, అది నీళ్ళు తాగిందో లేదో అడిగి, సరే అంటేనే ముందుకు. గెలిచినవాడికి కప్పూ లేదు, డబ్బూ లేదు. ఏడాది పొడుగునా మిగతావాళ్ళను వెక్కిరించే హక్కు ఒకటే. అర్బాబ్ రెండేళ్ళుగా వెక్కిరింతలు పడుతున్నాడు. ఈసారి తెల్లగుర్రం మీద ఆయనే ఎక్కుతున్నాడు.

శనివారం తెల్లవారుజామున భాయ్, అర్బాబ్, మిగతా అందరూ నమాజుకు పోయారు. శనివారం నాకు తలస్నానం చేసి వెంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టుకునే అలవాటు. చాలా ఏళ్ళు నా తప్పుకు ఈ కారణమే చెప్పుకున్నాను, నాకు నేను. అందుకే ఇదీ సరిచేయాలి. తోటలో చలిగా ఉందని ఎన్ని శనివారాలు ఎగ్గొట్టానో లెక్కలేదు. దేవుడి మీదకు నెట్టడం న్యాయం కాదు. నన్ను పిలిచింది ఆ షవర్.

ట్యాంకులో చుక్క లేదు. ముందురోజు బిర్యానీ గిన్నెలు తోముతూ నేనే ఖాళీ చేశాను. తీపి నీళ్ళ డ్రమ్ము అర్బాబ్ బంధువుల గుడారాల దగ్గర ఉంది. దాని పక్కనే అందరూ వరుసగా నమాజులో ఉన్నారు. వాళ్ళ మధ్యకు తువ్వాలు కట్టుకుని బకెట్‌తో పోవడం కుదరదు. ఆరు క్యాన్లలో నాలుగింటిని గుర్రాలు తాగేశాయి. మజిలీకని పక్కన పెట్టినవి రెండు. ఆ రెండూ ట్యాంకులో ఒంపి, మోటార్ స్విచ్ వేశాను.

ఆ స్నానం బాగుందని ఒప్పుకోవాలి. ఉప్పు నీళ్ళకు నురగ రాలేదు, జుట్టు తీగల్లా అయింది, మోచేతులు గోడలకు కొట్టుకున్నాయి, అయినా బాగుంది. లోపల పాట కూడా పాడాను. గోడవతల తెల్లగుర్రం ఒక తన్ను తన్నింది. అభ్యంతరం దానికి ఉండటంలో తప్పేం లేదు.

నమాజు అయ్యి అందరూ కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తాగడానికి కూర్చోగానే డ్రమ్ము దగ్గరికి పోయి రెండు క్యాన్లూ తీపి నీళ్ళతో నింపాను. తప్పు చేస్తున్నట్టు అనిపించనే లేదు. ఉప్పు నీళ్ళు నేను పోసుకుని, తాగే నీళ్ళు గుర్రానికి ఇస్తున్నాను, త్యాగం నాదే అనుకున్నాను. మా ఊళ్ళో మంచినీళ్ళ పంపు దగ్గర బిందెల కోసం కొట్లాటలు చూసినవాణ్ణి. తీపి నీళ్ళు వద్దనే ప్రాణి ఉంటుందని నా బుర్రకు ఎక్కలేదు. అది పెదవి ముడవడాన్ని ఒట్టి నఖరా అనుకున్నాను.

భాయ్ వచ్చి నా తడి తల చూశాడు.

“ఏమప్పా, ఇంత పొద్దున్నే తలకు పోసుకున్నావే. నీళ్ళు యాడివి?”

“డ్రమ్ముల నీళ్ళు, భాయ్.”

డ్రమ్ము నీళ్ళు తెచ్చింది నిజమే, పోసింది క్యాన్లలో, నా తల మీద కాదు. ఆయన ఇంకేం అడగలేదు. రెండు క్యాన్లూ పికప్‌లోకి ఎత్తాడు.

మజిలీలో మేం ముందే పోయి కాచుకున్నాం. అర్బాబ్ రెండోవాడిగా వచ్చాడు, మొహమంతా నవ్వు. భాయ్ తెల్లగుర్రం జీను వదులు చేసి, బకెట్‌లో నీళ్ళు పోసి ముందు పెట్టాడు. సన్నగా ఈల వేశాడు. ఆయన ఈల వేస్తే అది తాగుతుంది, ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు అది వాసన చూసింది. పెదవి ముడిచింది. మొహం తిప్పుకుంది.

మళ్ళీ ఈల. చేత్తో నీళ్ళు చిలకరించాడు, మూతి తడిపాడు, మెడ నిమిరాడు. వెనకవాళ్ళు వచ్చారు, తాగించుకున్నారు, పోయారు. డాక్టరు వచ్చి గుండె విని, తాగితేనే పోనిస్తానన్నాడు. అర్బాబ్ ఇంకోసారి ప్రయత్నించమన్నాడు. భాయ్ నుదుటి మీద చెమట. ఇంత దూరం పరుగెత్తి తాగని గుర్రాన్ని ఎక్కొద్దని ఆయనే అర్బాబ్‌కు అడ్డం నిలబడ్డాడు. అందుకు ధైర్యం కావాలి. వెనక బంధువులు అప్పటికే నవ్వుతున్నారు.

ఎందుకు తాగడం లేదని అర్బాబ్ అడిగాడు. తెలియదు, నీళ్ళు మాత్రం మన బావివే, నా చేత్తో నింపినవే, అల్లా సాక్షి అన్నాడు భాయ్.

అర్బాబ్ వంగి దోసిట్లో కొంచెం తీసుకుని నోట్లో పోసుకున్నాడు. ఆ నీళ్ళు తాగి పెరిగిన మనిషికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఉమ్మేసి, తన హిందీలో నెమ్మదిగా అన్నాడు:

“ఇది తీపి నీరు. నా బావి ఉప్పుది. నా వాళ్ళ ముందు అల్లా పేరుతో అబద్ధమాడావు.”

భాయ్ బకెట్‌లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. నేను అక్కడే, మూడడుగుల దూరంలో, నుదుట బొట్టు పెట్టుకుని, షాంపూ వాసన వేస్తూ నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నా తల మీద ఎవరైనా చెయ్యి వేసి ఉంటే ఉప్పు జిడ్డు తగిలి అంతా బయటపడేది. ఎవరూ వేయలేదు.

తర్వాత భాయ్ చేసిన పని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పికప్‌లో వంట సామాను సంచి ఉంది. ఆయన ఉప్పు డబ్బా తీసి, చిటికె వేసి, రుచి చూసి, ఇంకో చిటికె వేసి, మళ్ళీ రుచి చూసి, మా బావి నీళ్ళ ఉప్పు ఎంతో అంతకు తెచ్చి బకెట్ ముందు పెట్టాడు. ఈల వేయకుండానే తెల్లగుర్రం మూతి పెట్టి మొత్తం తాగేసింది. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పనితోనే ఆయన ఇంకా మునిగాడు. ఉప్పు కలపడం తెలిసినవాడికి నీళ్ళు ఏవో ముందే తెలుసని అర్బాబ్ అనుకున్నాడు. బావి దగ్గర బద్ధకించి డ్రమ్ములో నింపుకొచ్చాడని తీర్మానించుకున్నాడు.

అప్పటికే మిగతావాళ్ళు అందనంత దూరం పోయారు, అర్బాబ్ స్వారీ అక్కడితో ముగిసింది. తిరుగు ప్రయాణంలో అర్బాబ్ తిట్టలేదు. తోట గేటు దగ్గర దిగి, ఇకనుంచి నువ్వు తోటలోనే ఉండు, బయటికి వేరేవాళ్ళు వస్తారు అని భాయ్‌తో చెప్పి ఇంట్లోకి పోయాడు.

అలా నాకు పై పరుపు దొరికింది.

ఆ పరుపు గురించి గొప్పగా చెప్పలేను. సోఫా మీదకు వచ్చిన కొత్త సాయీసు గురక ముందు తెల్లగుర్రం తన్నులు జోలపాట. పైగా తెల్లగుర్రం వాడు పట్టుకుంటే ట్రైలర్ ఎక్కదు. ప్రతిసారీ భాయ్‌నే పిలవాలి. ఆయన వచ్చి, చెవి దగ్గర ఏదో చెప్పి, దాన్ని ఎక్కించి, గడ్డి వల కట్టి, తలుపు మూసి, గేటు దగ్గర నిలబడేవాడు. అద్దంలో చాలా దూరం కనిపించేవాడు. నేను అద్దం తిప్పేసుకునేవాణ్ణి.

క్యాన్లు ఇంకా ఆయనే నింపేవాడు. కాని ఇప్పుడు ప్రతి క్యానూ రుచి చూసేవాడు. నింపాక ఒకసారి, మూత పెట్టేముందు ఇంకోసారి. తర్వాత నన్ను పిలిచి, “నువ్వూ తాగి చూడప్పా. నాకు నామీద నమ్మకం ల్యా” అనేవాడు. ఆరు క్యాన్లకు ఆరు గుటకలు. రెండేళ్ళు ఆ ఉప్పు నీళ్ళు తాగాను. వద్దనడానికి నాకు మొహం లేదు.

ఆయన నన్ను అనుమానించి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆయన అనుమానించింది తనను. బావి దగ్గర కూర్చుని నింపినట్టు బాగా గుర్తుంది, మరి తీపి నీళ్ళు ఎలా వచ్చాయి, అంటే గుర్తున్నది తప్పన్నమాట. అదొక్కటీ తప్పైతే మిగతావి ఎన్ని తప్పో. ఇలా లెక్క వేసుకున్నాడు. గుర్రాలకు దాణా పెట్టాక మళ్ళీ పోయి పెట్టానా అని చూసేవాడు. కొక్కెం వేశాక మళ్ళీ లాగి చూసేవాడు. అది కూడా నేను రూవీలో చేసి చూపించాను. కొక్కెం లాగడం దగ్గర అందరూ పడి పడి నవ్వేవాళ్ళు.

మూడో చలికాలం మొదట్లో ఒక సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చి కూర్చుని, తనను ఇంటికి పంపించేయమని అర్బాబ్‌ను అడగబోతున్నానన్నాడు. నీకేమైంది భాయ్, ఒళ్ళు బాగాలేదా అన్నాను.

“ఒళ్ళు బాగానే ఉండాది. తలకాయే చెడిపోయినాది. ఆ పొద్దు నీళ్ళు మర్చిపోయినా. రేపు ఒక మందుకు ఇంకొక మందు తాపిస్తానేమో. దాన్ని సంపుకుని నేను బతకల్లా? నేను లేకుంటేనే దానికి మంచిది.”

రూవీలో అన్నాళ్ళూ నేను వేసిన ఆయన వేషంలో ఈ మాటలు లేవు. మర్నాడు పొద్దున అర్బాబ్ ట్రైలర్ టైర్లు చూస్తుంటే పోయి మొత్తం చెప్పేశాను. ట్యాంకు, మోటార్, డ్రమ్ము, అన్నీ. ఉద్యోగం పోతుందని అప్పటికే బట్టలు సర్దుకున్నాను. ఆయన టైరు వదిలి నా వైపు తిరిగాడు.

“షాంపూ కూడా పెట్టుకున్నావా?” అన్నాడు.

పెట్టుకున్నానన్నాను. ఆయన మీసం కదిలింది కాని నవ్వలేదు. “సాయీసును నా వాళ్ళ ముందు అబద్ధాలకోరన్నాను, కాబట్టి నువ్వు నాకు చెప్పడం చాలదు, ఎవరి ముందు అన్నానో వాళ్ళ ముందే చెప్పాలి, నేనూ చెప్తాను” అన్నాడు. అప్పటిదాకా భాయ్‌కు ఏమీ చెప్పొద్దన్నాడు. తెల్లగుర్రం కొత్తవాడితో ఎక్కడం లేదని సాకు చెప్పి, ఈసారి బిదియాకు నువ్వే రావాలని భాయ్‌కు కబురు పెట్టాడు.

దారి పొడుగునా భాయ్ నా పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరాయి ఇంటికి పోతున్న చుట్టంలా కూర్చున్నాడు. ఇబ్రా దగ్గర టీకి ఆపితే, ముందు దిగి గుర్రాలకు నీళ్ళు పెట్టి వచ్చాకే కప్పు ముట్టాడు. నేను కూడా ఆగాను. ఆగమని ఆయన చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత అందరూ చాప మీద కహ్వాకు కూర్చున్నారు. అర్బాబ్ భాయ్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆయనకు ఏం అర్థం కాక కప్పు పట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. అర్బాబ్ నన్ను పిలిచాడు. నా హిందీ, నా నాలుగు అరబ్బీ మాటలు కలిపి, ఆ శనివారం నీళ్ళు ఎక్కడికి పోయాయో చెప్పాను. షవర్ మాట రాగానే ఒకరు నవ్వు ఆపుకోలేకపోయారు. డాక్టరు, మరి నీ గుండె కొట్టుకోవడం బాగానే ఉందా అని అడిగాడు. ఇంకొకాయన తన మోకాలు చరుచుకుంటూ, ఆ ఇల్లు కొన్నది గుర్రాలకు కాదు, డ్రైవర్ జుట్టుకు అన్నాడు. నా చెమట బొట్లు చాప మీద పడుతున్నాయి. అర్బాబ్ నవ్వులు ఆగేదాకా ఉండి, భాయ్ వైపు తిరిగి, నేను నిన్ను వీళ్ళ ముందే అబద్ధమాడావన్నాను, అది నా తప్పు అని తన భాషలో అందరికీ వినపడేలా చెప్పాడు.

భాయ్ నవ్వలేదు. కప్పు కింద పెట్టాడు.

“అయితే నేను బాయి కాడ్నే నింపినానా?” అని నన్ను తెలుగులో అడిగాడు. 

అక్కడున్నవాళ్ళలో ఆ భాష మా ఇద్దరికే వచ్చు. నేను పోయి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“నింపినవ్ భాయ్. ఆరు క్యాన్లూ బాయి కాడ్నే నింపినవ్. అండ్ల రెండు నేనే తలకు పోసుకున్న. నువ్వడిగితే అబద్ధం చెప్పిన. నిన్ను అందరు అంటుంటె పక్కన నిలవడి చూసిన. రూవీల నీ లెక్క యాక్టింగ్ జేసి పోరగాండ్లను నవ్విచ్చిన, గది గూడ నేనే. నీ తలకాయకు ఏం గాలే. రెండేండ్లు నీకు నీమీదనే నమ్మకం లేకుంట జేసిన. తప్పయింది భాయ్. నన్ను మాఫ్ జెయ్యి.”